అంటు, తలంటు: అనంతపురం పీఠభూమిలో దేహ సంరక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం: శరీరానికి నూనె పట్టించడం, మర్దించడం, నొప్పి ఉన్న చోట ఒత్తడం, కాల్చడం, గుచ్చడం వంటి క్రియలను నేడు 'స్వీయ సంరక్షణ' అన్న పేరుతో ఒక్కచోట చేర్చి చెబుతున్నారు. అనంతపురం పీఠభూమి దృష్ట్యా వాటి చరిత్రను పదాలు, గ్రంథాలు, శాసనాలు, పంటల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ నేల మీద దేహ సంరక్షణ నూనె, నీరు, పరుల చేతులు అనే మూడింటి మీద ఆధారపడిందనీ, ఆ చేతుల చరిత్రను విడిచిపెట్టి మర్దన చరిత్రను రాయలేమనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: తలంటు, అభ్యంగనం, నలుగు, సంవాహనం, వాత, ఆక్యుపంక్చర్, రాయలసీమ.

ఉపోద్ఘాతం

సాహిత్యాన్ని ఆధారం చేసుకొని తెలుగువారి తిండి, బట్ట, ఆటపాటల చరిత్రను రాయవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) నిరూపించింది. ఆ మార్గంలో తరువాత ఎంతో కృషి జరిగింది. అయితే స్నానం, మర్దన వంటి నిత్యక్రియలు మాత్రం ఆచారాల వర్ణనగానో, ఆయుర్వేద ప్రశంసగానో మిగిలిపోయాయి. ఆచారంగా చూస్తే పండుగనాటి తలంటు కనిపిస్తుంది. శాస్త్రంగా చూస్తే అభ్యంగనం కనిపిస్తుంది. నూనె ఎక్కడిది, నీళ్లు ఎవరు మోశారు, ఒళ్లు ఎవరు పట్టారు అన్న ప్రశ్నలకు ఈ రెండు చూపుల్లోనూ చోటు లేదు.

ఈ ప్రశ్నలు అడగడానికి అనంతపురం పీఠభూమి తగిన నేల. సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 నాటి మహాక్షామం చవిచూసిన దత్తమండలాల్లో భాగం. జిల్లాగా ఏర్పడినది 1882లో. 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. నీరు తక్కువైన చోట స్నానం ఖర్చుతో కూడిన పని. నూనె గింజలు విస్తారంగా పండే చోట నూనె చౌక కావాలి. ఈ రెండూ ఒకే నేల మీద ఎలా ఇమిడాయో చూడవలసి ఉంది.

1. పదాల సాక్ష్యం

దేహ సంరక్షణకు సంబంధించిన తెలుగు పదాల్లో మొదట పరిశీలించదగినది 'నూనె'. నువ్వు అనే అర్థమిచ్చే 'నూ', నెయ్యి అనే అర్థమిచ్చే 'నెయ్' కలిసి 'నూనె' అయింది. తమిళంలోని 'ఎణ్ణెయ్' కూడా ఎళ్ (నువ్వు), నెయ్ల కలయికే. అంటే ఈ భాషల్లో నూనె అన్న మాట తొలుత నువ్వుల నూనెకే పేరు. తరువాత ఆ పేరు అన్ని నూనెలకూ వ్యాపించింది. ఆముదం మాత్రం తన పేరును నిలుపుకొన్నది.

రెండవది 'నలుగు'. నలగడం, నలపడం అన్న క్రియల నుంచి వచ్చిన ఈ పదం రుద్దే పిండికీ, రుద్దే వేడుకకూ పేరైంది. పెండ్లిలో నలుగు పెట్టడం, నలుగు పాటలు పాడడం నేటికీ ఉన్నాయి. 'మాలీషు' ఉర్దూ మూలంగా వచ్చిన మాట. గరిడీలు, తాలీంఖానాలు ఉన్న ఊళ్లలో స్థిరపడింది. 'ఒళ్లు పట్టడం', 'కాళ్లు ఒత్తడం', 'పిసకడం' అచ్చతెలుగు క్రియలు. వీటిలో చేసేవారికీ చేయించుకునేవారికీ మధ్య ఉన్న ఎచ్చుతగ్గులు స్పష్టంగా వినిపిస్తాయి. కాళ్లు ఒత్తించుకునేవాడు దొర, అత్త, మొగుడు. ఒత్తేది పాలేరు, కోడలు, పెండ్లాం. 'కాళ్లు పట్టుకోవడం' అన్న మాట ప్రాధేయపడడానికి పర్యాయమైనది ఇందువల్లనే.

ఈ చర్చకు కేంద్రమైన పదం 'తలంటు'. తమిళంలో నూనె స్నానాన్ని రుద్దడం అన్న అర్థమున్న 'తేయ్' క్రియతో చెబుతారు. తెలుగు మాత్రం 'అంటు' అన్న క్రియను ఎన్నుకొన్నది. తాకడం, అతుక్కోవడం, పూయడం ఇవన్నీ ఆ క్రియకు అర్థాలు. మొక్కకు కట్టే అంటు, ఒకరి నుంచి ఒకరికి సోకే అంటువ్యాధి, మైలను సూచించే అంటుముట్టు, మనుషులను వెలి వేసిన అంటరానితనం అన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే. తలంటు అంటే తలను తాకి నూనె పూయడం. ఒక చోట ఇంతటి ఆప్యాయతకు పేరైన స్పర్శే మరొక చోట బహిష్కారానికి పేరైంది. ఇది పదచమత్కారంగా చెప్పి వదలవలసిన విషయం కాదు. ఎవరిని ఎవరు తాకవచ్చు అన్న నియమం ఉన్న సమాజంలో మర్దన కూడా ఆ నియమానికి లోబడి నడచిందని భాషే చెబుతున్నది.

2. దినచర్య, భోగం, జీవిక

వాగ్భటుని 'అష్టాంగహృదయం' సూత్రస్థానం రెండవ అధ్యాయం దినచర్యను చెబుతుంది. అభ్యంగనం అక్కడ రోజూ చేయవలసిన పని. ముసలితనాన్నీ శ్రమనూ వాతాన్నీ పోగొట్టేది అది. తల, చెవులు, పాదాల విషయంలో ప్రత్యేక శ్రద్ధ చూపాలి. కఫం ప్రకోపించినవారు, శోధన చేయించుకున్నవారు, అజీర్తి ఉన్నవారు చేయరాదు. ఈ నిషేధాలు ముఖ్యమైనవి. అభ్యంగనం అందరికీ అన్నివేళలా మంచిదన్న మాట శాస్త్రం చెప్పలేదు.

ఇదే క్రియ కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన 'మానసోల్లాసం'లో వేరే వర్గంలో చేరింది. ఆ గ్రంథంలోని ఉపభోగ వింశతి రాజు అనుభవించవలసిన ఇరవై భోగాలను వివరిస్తుంది. స్నానం అందులో ఒకటి. పాదాభ్యంగం మరొకటి. వైద్యం నిత్యవిధిగా చెప్పినదాన్ని రాజనీతి భోగంగా లెక్కించింది. చేసేది ఒకటే పని. చేయించుకునేవాని స్థితిని బట్టి పేరు మారింది.

విజయనగర కాలానికి చెందిన సాక్ష్యం మరింత సూటిగా ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. అతని కథనం రాబర్ట్ సీవెల్ 1900లో ప్రకటించిన గ్రంథం ద్వారా మనకు సుపరిచితం. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, అదే నూనెను ఒళ్లంతా పట్టించి, గోచీ బిగించి, బరువులెత్తి, ఆ నూనె చెమటగా వెళ్లిపోయేదాకా కత్తి సాధన చేసేవాడు. తరువాత మల్లునితో కుస్తీ, గుర్రపు స్వారీ. ఆ పిమ్మట స్నానం. స్నానం చేయించేది రాజు పవిత్రునిగా భావించే ఒక బ్రాహ్మణుడని పేస్ ప్రత్యేకించి చెప్పాడు. నూనె నువ్వులదే కావడం పైన చూపిన పదచరిత్రకు అనుగుణంగా ఉంది. రాజదేహాన్ని తాకే అర్హత ఎవరిదన్న ప్రశ్నకు కూడా ఇక్కడ జవాబు దొరుకుతున్నది.

సంస్కృత నాటకం ఈ ప్రశ్నను చేతుల పక్షం నుంచి చూసింది. శూద్రకుని 'మృచ్ఛకటికం' రెండవ అంకంలో వచ్చే సంవాహకుడు ఒళ్లు పట్టే వృత్తివాడు. కళగా నేర్చుకున్న విద్య తనకు చివరికి జీవనోపాధిగా మారిందని అతడు వాపోతాడు. జూదంలో ఓడి, అప్పులపాలై, చివరికి బౌద్ధ భిక్షువవుతాడు. వైద్యునికి దినచర్య, రాజుకు భోగం, సంవాహకునికి జీవిక. మర్దన చరిత్రలో ఈ మూడు పక్షాలూ ఉండాలి. మన రచనల్లో మూడవది చాలాకాలంగా లోపించింది.

3. నూనె, నీరు, తీరిక

గ్రంథాల్లోని అభ్యంగనాన్ని పీఠభూమి పల్లెకు తెచ్చినప్పుడు లెక్క మారిపోతుంది. తలంటుకు గిన్నెడు నూనె, జిడ్డు వదిలించడానికి శీకాయో కుంకుడో సున్నిపిండో, రెండు మూడు కడవల వేడినీళ్లు, కాచడానికి కంప, పూటంత తీరిక కావాలి. బావి అడుగంటిన వేసవిలో ఇవన్నీ సమకూడేది ఏ కొద్ది ఇళ్లలోనో. అందువల్ల శాస్త్రం నిత్యవిధిగా చెప్పినది పల్లెలో వారవిధిగా, చాలామందికి పండుగవిధిగా కుదించుకుపోయింది. ఆడవారికి మంగళ, శుక్రవారాలు, మగవారికి బుధ, శనివారాలు అన్న వారనియమం, ఉగాదికీ దీపావళికీ సంక్రాంతికీ తలంటు తప్పనిసరి అన్న ఆచారం ఈ పరిమితికి తగిన ఏర్పాటుగా పనిచేశాయి. నియమానికి శాస్త్రకారణాలు చెప్పవచ్చు. ఫలితం మాత్రం ఉన్న నూనెనూ నీటినీ ఇంటిల్లిపాదికీ వంతుల వారీగా పంచడం.

నిత్యవిధి నిజంగా నిత్యంగా సాగిన చోటు చంటిబిడ్డ దేహం. కాళ్లు చాచి కూర్చున్న పెద్దమ్మ బిడ్డను కాళ్లమీద వేసుకొని, ఒళ్లంతా నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసే పద్ధతి పేదయింట కూడా కొన్ని నెలలపాటు తప్పకుండా నడిచేది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయడం, నడుముకు గుడ్డ కట్టడం దీనికి తోడు. పీఠభూమిలో అభ్యంగనానికి నిరంతర చరిత్ర ఉన్నదంటే అది ప్రధానంగా ఆడవారి చేతుల మీద ఉన్నది.

నూనె అందని కూలి దేహానికి వేరే మార్గాలు ఉండేవి. పగలంతా కలుపు తీసి, కట్టెలు మోసి వచ్చినవారు బోర్లా పడుకొని పిల్లలచేత నడుమూ పిక్కలూ తొక్కించుకొనేవారు. ఉప్పు మూట, ఇసుక మూట, వేడి చేసిన ఆముదపాకు కాపడానికి పనికివచ్చేవి. నూనె అక్కరలేని, నీరు అక్కరలేని, డబ్బు అక్కరలేని మర్దన ఇది. గ్రంథాలకు ఎక్కని ఈ పద్ధతే ఈ నేల మీద ఎక్కువమందికి అందుబాటులో ఉన్న నిత్య సంరక్షణ అని భావించవచ్చు.

ఇక నూనె సంగతి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ పందొమ్మిదో శతాబ్దిలో మద్రాసు రాజధానిలో వాణిజ్య పంటగా వ్యాపించింది. అనంతపురంలో దాని విస్తరణ ఇరవయ్యో శతాబ్దిలో, విశేషించి 1960ల తరువాత వేగం పుంజుకొన్నది. కొర్ర, జొన్న, ఉలవ పండిన చేలు శనక్కాయ చేలయ్యాయి. ఈ శతాబ్ది ఆరంభానికి ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా భూమి ఈ ఒక్క పంట కిందకు వచ్చింది. దేశంలోనే పెద్ద వేరుశనగ జిల్లాగా పేరు వచ్చింది. కాని ఈ నూనె గింజ ఇంటి గానుగ కోసం పండినది కాదు. అంగడి కోసం పండినది. పెరట్లో, చేను గట్టున పండిన ఆముదాలను వేయించి, దంచి, కాచి తీసే వంటాముదం ఇంటి నూనె. శనక్కాయ మాత్రం మిల్లుకు పోయి, వంటనూనెగా కొట్టుకు తిరిగివచ్చేది. నూనె గింజల జిల్లా కావడానికీ, నూనె పట్టించుకొనే తీరిక దొరకడానికీ సంబంధం లేకపోయింది. పైగా వంగి చెట్లు పీకడం, కాయ కోయడం, వలవడం వంటి పనులు నడుముకూ మోకాళ్లకూ కొత్త నొప్పులను తెచ్చాయి. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఎముకల, కీళ్ల బాధ మరొకటి. ఇది మర్దనతో తీరేది కాదు, మంచినీటితో నివారించవలసినది.

తలంటులో మరొక మార్పు షాంపూ. ఈ మాట హిందుస్థానీలో ఒత్తడం అన్న అర్థమున్న 'చాంప్' క్రియ నుంచి వచ్చింది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో మర్దన స్నానశాల నడిపి, 1822లో దాని మీద ఆంగ్లంలో పుస్తకం ప్రకటించాడు. ఒళ్లు ఒత్తడానికి పేరైన మాట అక్కడ క్రమంగా తల రుద్దే సబ్బునీటికి పేరైంది. 1980ల తరువాత చిన్న పొట్లాలలో మన పల్లెల అంగళ్లకు చేరింది. తక్కువ నీటితో, క్షణాల్లో తలస్నానం ముగిసే సౌకర్యం కలిగింది. నీటికరవున్న నేలకు అది మేలే. ఒకరి తలను మరొకరు అంటవలసిన అవసరం మాత్రం తొలగిపోయింది.

4. చేతుల చరిత్ర

క్షురకర్మ, మర్దన, గడ్డలు కోయడం, మంత్రసానితనం, మంగళవాద్యం ఇవన్నీ ఒకే వృత్తి కుటుంబంలో కలిసి ఉండడం దక్షిణదేశపు విశేషం. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ప్రకటించిన ఏడు సంపుటాలు క్షురక వృత్తికీ వైద్యానికీ, ఆ కుటుంబాల స్త్రీలకూ ప్రసూతి సేవకూ ఉన్న సంబంధాన్ని నమోదు చేశాయి. పుట్టుక నుంచి చావు వరకు ప్రతి సందర్భంలోనూ పరుల దేహాలను తాకే పని వీరిది. పెండ్లి నలుగుకు సన్నాయి ఊదేది వీరు. గ్రామ వ్యవస్థలో దీనికి ప్రతిఫలం కళ్లంలో ఇచ్చే ధాన్యపు మేర. కరవు ఏట కళ్లమే లేదు కనుక మేర కూడా లేదు. ఇతరుల ఆరోగ్యాన్ని చూసే చేతులకు కరవు మొదటి దెబ్బ తగిలేది.

ఈ వృత్తికి శాసనాలలో కనిపించే చోటు గమనార్హం. సదాశివరాయల పాలనాకాలంలో (1542-1570) అళియ రామరాయలు కొండోజు అనే క్షురకుని సేవకు మెచ్చి, అతని వృత్తివారందరికీ పన్నులు మాఫీ చేయించాడు. బాదామి మొదలుకొని కన్నడ, తెలుగు ప్రాంతాల్లో పలుచోట్ల ఈ మాఫీని ప్రకటించే శాసనాలు వెలిశాయి. దీన్ని రాజు దయకు నిదర్శనంగా చదవడం పరిపాటి. మరొక విధంగానూ చదవవచ్చు. మాఫీ అవసరమైనదంటే అంతకుముందు ఆ వృత్తి మీద పన్నుల భారం ఉండేదన్నమాట. పల్లెపల్లెనా ఆ మాఫీని రాతిమీద చెక్కించవలసి వచ్చిందంటే, నోటిమాటతో అది అమలు కాదన్న అనుభవం ఉన్నదన్నమాట. రాజు మెడ మీద కత్తి పెట్టగల నమ్మకస్తుడైనందువల్ల ఒక వ్యక్తి తన వర్గం తరఫున అడగగలిగాడు. స్పర్శ ఇచ్చిన అధికారం అంతవరకే.

ఆ వృత్తివాచకం 'మంగళ' శబ్దంతో ముడిపడినది. శుభవాచకమైన మాటే కాలక్రమంలో తిట్టుగా మారింది. ఈ వర్గాన్ని కించపరిచే పదాల వాడుకను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. నాయీబ్రాహ్మణులు అన్న పేరు నేడు గౌరవవాచకంగా స్థిరపడింది. అంటు అన్న మాటకు పట్టిన గతే ఆ మాటతో బతికిన చేతులకూ పట్టిందని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

5. వాత, సూది: సామ్యం వేరు, వారసత్వం వేరు

మర్దనతో పాటు ఆక్యుపంక్చర్‌ను కూడా ప్రాచీన భారతీయ విద్యగా చెప్పే ధోరణి ఇటీవల కనిపిస్తున్నది. మర్మస్థానాలు, చెవులు కుట్టించడం, పచ్చబొట్టు, వాతలు పెట్టడం ఇందుకు ఆధారాలుగా చూపుతున్నారు. ఒక్కొక్కటి పరీక్షించవలసి ఉంది.

సుశ్రుతుడు శారీరస్థానంలో 107 మర్మాలను లెక్కించాడు. అవి గుచ్చవలసిన స్థానాలు కావు. గాయం తగిలితే ప్రాణాపాయమో అంగవైకల్యమో కలిగే స్థానాలు. శస్త్రవైద్యుడు వాటిని తప్పించి కోయాలి. చెవులు కుట్టడానికి సుశ్రుతుడే రెండు ప్రయోజనాలు చెప్పాడు: రక్ష, అలంకారం. చెవి మీది బిందువులతో దేహమంతటికీ చికిత్స చేసే పద్ధతిని క్రమబద్ధం చేసినవాడు ఫ్రెంచి వైద్యుడు పాల్ నోజియే, కాలం 1950లు. పల్లెలో బిడ్డ చెవులు కుట్టించడాన్ని ఆ పద్ధతికి మూలంగా చెప్పడం కాలక్రమాన్ని తలక్రిందులు చేయడమే.

వాత సంగతి కొంత భిన్నం. కాలిన ఇనుముతో చర్మం మీద చుర్రుమనిపించి నొప్పినో కామెర్లనో తగ్గించవచ్చునన్న నమ్మకం పీఠభూమి పల్లెల్లో బలంగా ఉండేది. సుశ్రుతుడు చెప్పిన అగ్నికర్మకు ఇది జానపద రూపం కావచ్చు. చైనాలో 1973లో మవాంగ్‌దుయ్ వద్ద బయటపడిన, క్రీ.పూ. 168లో మూసిన సమాధిలోని పట్టువ్రాతలు దేహంలోని నాడీమార్గాలను వర్ణిస్తాయి. వాటిలో చెప్పిన చికిత్స సూది కాదు. మూలికను కాల్చి వేడి తగిలించడం. అంటే చైనాలో కూడా మార్గాల భావన సూదికన్న ముందు నిప్పుతో ముడిపడి ఉన్నది. ఈ సామ్యం ఆసక్తికరమే. నొప్పి ఉన్న చోట వేడి తగిలించాలన్న ఆలోచన రెండు దేశాల్లో విడివిడిగా పుట్టగలదు. సామ్యం వారసత్వానికి రుజువు కాదు. 'వాత' అన్న మాటను 'వాతం'తో ముడిపెట్టడం కూడా ఇటువంటి తొందరపాటే. పైగా వాతలు పసిబిడ్డలకు చేసిన హాని తక్కువది కాదు. ప్రాచీనత పేరుతో దాన్ని సమర్థించలేము.

ఆధునిక భారతదేశానికి ఆక్యుపంక్చర్ వచ్చిన దారి స్పష్టంగా తెలిసినదే. జపాను దాడికి గురైన చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు విజయకుమార్ బసు ఒకరు. ఆయన 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆ విద్య నేర్చి, కలకత్తాలో చికిత్స ప్రారంభించాడు. యునెస్కో 2010లో చైనా ఆక్యుపంక్చర్‌ను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దీన్ని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది. ఒక దేశానికి ఆపదలో చేసిన సేవ వల్ల వచ్చిన విద్య ఇది. మనదే అని చెప్పుకోవడం కన్న, నేర్చుకున్నామని చెప్పుకోవడంలో ఎక్కువ గౌరవం ఉంది.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: అభ్యంగనం శాస్త్రంలో నిత్యం, రాజగృహంలో భోగం, పీఠభూమి పల్లెలో పండుగ. ఈ తేడాకు కారణం నమ్మకం కాదు. నూనె, నీరు, తీరిక దొరికే తీరు. రెండు: నిత్యంగా నిలిచిన సంరక్షణ చంటిబిడ్డ స్నానంలోనూ, కూలివారు పిల్లలచేత నడుము తొక్కించుకోవడంలోనూ ఉన్నది. దీనికి గ్రంథసాక్ష్యం లేదు కనుక మౌఖిక ఆధారాల సేకరణ అత్యవసరం. బిడ్డలకు నీళ్లు పోసిన తరం వృద్ధాప్యంలో ఉన్నది. మడకశిర, రాయదుర్గం వంటి కన్నడ సరిహద్దు సీమల్లో ఈ పదజాలం రెండు భాషల మధ్య ఎలా మారిందో నమోదు చేయవలసిన పని తెలుగు శాఖలదే. మూడు: 'స్వీయ సంరక్షణ' అన్న కొత్త మాట సంరక్షణ చేసేవారిని వాక్యంలో నుంచి తొలగిస్తున్నది. తలంటు అన్న పాత మాటలో కనీసం ఇద్దరున్నారు: అంటేవారు, అంటించుకునేవారు. ఆ మొదటివారి పేర్లు, వేతనాలు, అవమానాలు, నైపుణ్యాలు చేరినప్పుడే ఈ నేల మీది దేహచరిత్ర పూర్తి అవుతుంది.